‘ఇక్కడ చూడండి’ అంటే ఎక్కడ?

కరోనా వల్ల బడులు మూతపడి ఉన్న 2020 సెప్టెంబరులో ఒక రాత్రి, భోజనాలు ముగించి గిన్నెలు సర్దుకుంటున్న వేళ, ఏడో తరగతి చదివే ఒక అబ్బాయి నాకు ఫోను చేశాడు. ఆ అబ్బాయికి పుట్టుకతోనే చూపు లేదు. మామూలు ఉన్నత పాఠశాలలోనే అందరితో కలిసి చదువుకుంటున్నాడు. “మేడం, లెక్కల పాఠం రెండుసార్లు విన్నాను. సార్ ‘ఇక్కడ చూడండి’ అంటున్నారు. ఇక్కడంటే ఎక్కడ మేడం?” అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

ఫోను పెట్టేశాక, వాట్సాప్‌లో వచ్చిన అదే పాఠాన్ని పెట్టుకుని, ఫోనును బల్ల మీద బోర్లించి విన్నాను. సామాన్య సమీకరణాలు. “ఇక్కడున్న దీన్ని అటువైపు తీసుకుపోతే ఇది ఇలా మారుతుంది. మారిందా? ఇప్పుడు దీన్ని దీనితో భాగిస్తే, ఇదిగో, ఇది వచ్చేసింది.” నాలుగు నిమిషాలు విన్నాను. ఒక్క అంకె కూడా చెవిన పడలేదు.

పాఠం చెప్పిన ఉపాధ్యాయుడిని నేను తప్పుపట్టను. ఆయన హుషారుగా, ఓపికగా చెప్పారు. నల్లబల్ల ముందు నిలబడినప్పుడు మనమందరం అలాగే చెబుతాం. బడిలో ఈ లోపం బయటపడకపోవడానికి కారణం ఆ అబ్బాయి పక్కన కూర్చునే స్నేహితుడు. సార్ బల్ల మీద రాస్తుంటే అతను గొంతు తగ్గించి “మూడు ఎక్స్, ప్లస్ ఐదు, ఈక్వల్స్ ఇరవై” అని చెవిలో చెబుతూ ఉండేవాడు. ఆ పని అతనికి ఎవరూ అప్పగించలేదు. అతను చేస్తున్న సాయం ఏ రిజిస్టరులోనూ రాసి లేదు. బడి మూతపడ్డాక పాఠం టీవీలోకి వెళ్లింది, ఫోనులోకి వెళ్లింది. ఆ స్నేహితుడు మాత్రం తన ఇంటికి వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి నేను ప్రతి సమావేశంలోనూ ఇదే చెబుతున్నాను. పిల్లలకు దూరం నుంచి చదువు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా పాఠాన్ని ఎలా పంపాలా అని తలలు పట్టుకుంటాం. బడిలో పాఠానికీ పిల్లవాడికీ మధ్య ఎవరెవరు నిలబడేవారో, ఇప్పుడు వాళ్ల స్థానంలో ఎవరిని నిలబెడుతున్నామో మాత్రం అడగం. ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు తెగిపోయేది సరిగ్గా అక్కడే.

నేను ఒక మండలంలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో పనిచేస్తాను. వినికిడి, చూపు, కదలిక, బుద్ధి వికాసం, నేర్చుకునే తీరు, వీటిలో ఏదో ఒక ఇబ్బంది ఉన్న పిల్లలు అక్కడికి వస్తారు. నిర్ణీత రోజుల్లో ఫిజియోథెరపిస్టు వస్తారు. కదలలేని పిల్లల ఇళ్లకు మేమే వెళతాం. తెలంగాణలో 2020 మార్చి మధ్యలో బడులు మూసినప్పుడు, మార్చి 31 దాకానే అన్నారు. రెండు వారాలే కదా అని బ్రెయిలీ పుస్తకాలు, చూపు లేని పిల్లలు తడిమి లెక్కలు చేసే టేలర్ ఫ్రేములు, పూసల చట్రాలు అన్నీ బీరువాలో పెట్టి తాళం వేసుకుని వచ్చాం. ఆ తాళం వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. తొమ్మిది, పది తరగతులవాళ్లు మధ్యలో కొన్నాళ్లు బడికి వచ్చి వెళ్లారు గానీ, ప్రాథమిక తరగతుల పిల్లలకు తలుపులు తెరుచుకునేసరికి 2021 సెప్టెంబరు 1 వచ్చింది. దాదాపు ఏడాదిన్నర. ఆ రెండు వారాల లెక్కతో నేను వేసిన తాళం ఇప్పటికీ నా మనసులో మెదులుతూ ఉంటుంది.

ఈ ఏడాదిన్నరలో ఏమీ జరగలేదని అనడం అన్యాయం. 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలోనూ, రాష్ట్ర ప్రభుత్వ విద్యా ఛానెల్ టీ-శాట్‌లోనూ పాఠాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ఫోను లేని ఇంట్లో కూడా టీవీ ఉండవచ్చునని ఆలోచించి చేసిన ఆ పని చాలామంది పిల్లలను చదువుకు దగ్గరగా ఉంచింది. ఉపాధ్యాయులు వీధి వీధి తిరిగి పిల్లలను పలకరించారు, వర్క్‌షీట్లు చేతికిచ్చారు. నా వాదన వాళ్ల కష్టం మీద కాదు. టీవీకి ఒకటే వేగం, ఒకటే దారి. నేర్చుకునే దారులు పిల్లల్లో అనేకం. ఆ తేడాను ఎవరు పూడ్చాలన్నదే నా ప్రశ్న.

మా కేంద్రానికి వచ్చే పిల్లల్లో ఐదో తరగతి అమ్మాయి ఒకతె ఉంది. వినపడదు. పెదవుల కదలిక చూసి చాలావరకు పోల్చుకుంటుంది. అద్దం ముందు నిలబడి, గొంతు పైకి రాకుండా ‘పాట’, ‘బాట’, ‘మాట’ అని చూడండి. మూడింటికీ పెదవులు ఒకేలా కదులుతాయి. తరగతిలో టీచరు దారి వైపు చేయి చూపితే అది బాట, పుస్తకంలో గేయం మీద వేలు పెడితే అది పాట అని ఆ అమ్మాయి తేల్చుకునేది. ఫోను తెరలో టీచరు ముఖం మూలన గోరంత ఉంటుంది. మిగతా తెరంతా అక్షరాలు. ఆ ముఖంలో పెదవులను వెతుక్కుంటూ ఆమె అరగంట కళ్లు చిట్లించుకుని చూసేదని వాళ్ల నాన్నమ్మ చెప్పింది. తలనొప్పి అని పడుకునేదట. “పిల్లకు చదువంటే బద్ధకం పట్టుకుంది” అని ఇంట్లో అనుకున్నారు. అది బద్ధకం కాదని చెప్పడానికి నేను వాళ్ల ఇంటికి వెళ్లాల్సి వచ్చింది.

పాఠ్యపుస్తకాలను భారతీయ సంజ్ఞా భాషలోకి తేవడానికి, జాతీయ స్థాయిలో పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్.సి.ఇ.ఆర్.టి., భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2020 అక్టోబరు 6న ఒప్పందం చేసుకున్నాయి. ఆ వార్త చదివి నేను నిజంగా సంతోషించాను. కానీ మా అమ్మాయికి ఆ భాష రాదు. ఆమెకు వచ్చింది ఇంటి సైగలే. అన్నానికి ఒక సైగ, తమ్ముడికి ఒక సైగ, కరెంటు పోయిందనడానికి ఒక సైగ. ఊళ్లో పెరిగే చాలామంది వినపడని పిల్లల సంగతి ఇదే. ముందు ఆ భాష నేర్పే మనిషి ఉండాలి. అప్పుడే సంజ్ఞా భాషలో పెట్టిన పాఠం ఆమెకు పాఠం అవుతుంది. ఇక బడులు తెరిచాక అందరి ముఖాలకూ మాస్కులు వచ్చాయి. ఆమెకు బడి తెరిచినా మూసినా తేడా లేకుండా పోయిన రోజులు అవి. పారదర్శకంగా ఉండే మాస్కు ఒకటి కుట్టించి తెలుగు టీచరుకు ఇచ్చాం. ఊపిరికి మసకబారిపోయేది. ఆవిడ ప్రతి ఐదు నిమిషాలకూ పక్కకు వెళ్లి తుడుచుకుని వచ్చి చెప్పేది. ఆ టీచరు రుణం నేను తీర్చుకోలేను.

ఇంకొక అబ్బాయి ఉన్నాడు. ఆరో తరగతి. ఇతని పేరు మా కేంద్రం జాబితాలో లేదు, చేతిలో వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ లేదు. చూపు బాగుంది, వినికిడి బాగుంది, మాట చురుకు. అక్షరం దగ్గరే ఆగిపోతాడు. ప, వ, మ వరుసగా కనిపిస్తే ఏది ఏదో తేల్చుకోవడానికి అతనికి చాలాసేపు పడుతుంది. న రాయమంటే స రాస్తాడు. అక్షరం కింద ఒత్తుగా వేరే అక్షరం వచ్చి చేరగానే మొత్తం అల్లుకుపోతుంది. మన లిపిలో ఒక్క అక్షరం మీదా కిందా పక్కనా గుణింతపు గుర్తులు, ఒత్తులు వచ్చి కూర్చుంటాయి. అలవాటైన కంటికి అందంగా ఉండే ఆ అమరికే ఈ పిల్లలకు చిక్కుముడి. దీన్ని డిస్‌లెక్సియా అంటారని, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇలాంటి అభ్యసన వైకల్యం కూడా ఒకటని వాళ్ల ఇంట్లో ఎవరికీ తెలియదు. నిజం చెప్పాలంటే మా ఉపాధ్యాయుల్లోనే చాలామందికి తెలియదు. “వెనకబడ్డాడు” అనే ఒక్క మాటతో సరిపెట్టేస్తాం.

దూరవిద్య వచ్చాక చదువంతా అక్షరమైపోయింది. ప్రశ్న వాట్సాప్‌లో అక్షరాల్లో వస్తుంది. జవాబు కాగితం మీద రాసి ఫోటో తీసి పంపాలి. అతను తెల్లకాగితాలు పంపేవాడు. నాన్న రెండు దెబ్బలు వేశాడు. ఒకసారి వాళ్ల క్లాసు టీచరు నాతో మాటల మధ్య ఆ సంగతి చెబితే, ఆ ప్రశ్నలనే గొంతుతో చదివి పంపి, జవాబు కూడా గొంతుతోనే పంపమని అడిగి చూద్దామన్నాను. ప్రశ్న జలచక్రం గురించి. నాలుగు నిమిషాల జవాబు వచ్చింది. చెరువు ఎండాకాలంలో ఎందుకు తగ్గుతుందో, ఆ నీళ్లు ఎటు పోతాయో, వాళ్ల బావిలో నీళ్లు వానలు పడిన ఎన్నాళ్లకు పైకి వస్తాయో, అన్నీ ఉన్నాయి. వెనక నుంచి మేక అరుపు కూడా వినపడుతోంది. ఆ జవాబును వాళ్ల నాన్నకు వినిపించమని చెప్పాను. టీచరుకు అదనంగా పట్టిన సమయం ఐదు నిమిషాలు. ఇందుకోసం ఒక్క రూపాయి కొత్త పరికరం కొనలేదు.

ఇక్కడ ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. దూరవిద్య కొందరు పిల్లలకు మేలే చేసింది. ఆటిజం ఉన్న ఒక పిల్లవాడికి బడి గంట మోత, డెబ్భై మంది ఒకేసారి కేకలు వేసే వరండా, మధ్యాహ్న భోజనం పళ్లేల చప్పుడు భరించరానివి. చెవులు మూసుకుని గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. ఇంట్లో అతని మూల అతనిది. పాఠాన్ని ఆపుకోవచ్చు, వెనక్కి జరుపుకోవచ్చు, అదే ముక్కను పదకొండుసార్లు వినవచ్చు. అతను గుణకారం నేర్చుకుంది ఆ నెలల్లోనే. నత్తి ఉన్న ఒక అమ్మాయి తరగతిలో ఎప్పుడూ నోరు తెరవలేదు, వాట్సాప్‌లో అందరికంటే ముందు జవాబులు రాసేది. వీళ్లు మళ్లీ బడికి వచ్చినప్పుడు ఆ సౌకర్యాలన్నీ తీసేశాం. గంట మోగింది, పాఠం ఒక్కసారే చెప్పాం, “లేచి నిలబడి చెప్పు” అన్నాం. దూరవిద్య మంచిదా చెడ్డదా అన్న వాదనలో నాకు ఆసక్తి లేనిది అందుకే. ఏ పిల్లకు ఏది అడ్డమైందో, ఏది తోవ ఇచ్చిందో రాసిపెట్టుకున్నామా అన్నది నాకు ముఖ్యం. మనం రాసిపెట్టుకోలేదు.

ఇక తల్లుల సంగతి. దీని దగ్గర నాకు మాట నెమ్మదిగా రాదు.

మెదడు దెబ్బతినడం వల్ల కండరాలు అదుపులో ఉండని స్థితి, సెరిబ్రల్ పాల్సీ, ఉన్న ఒక ఏడేళ్ల పాప ఉంది. పిక్కల కండరాలు బిగుసుకుని ఉంటాయి. రోజూ సాగదీస్తూ వ్యాయామం చేయించకపోతే నెలల్లోనే మడమ నేలకు ఆనకుండా పోతుంది. కేంద్రం మూతపడ్డాక ఫిజియోథెరపిస్టు వీడియో కాల్‌లో చూపించారు. అమ్మ ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో పాప కాలు పట్టుకుంది. రెండు చేతులూ పెట్టి చేయాల్సిన వ్యాయామం అది. చివరకు ఫోనును నీళ్ల బిందెకు ఆనించింది. కాలు కనపడితే అమ్మ చేతులు కనపడవు, చేతులు కనపడితే మోకాలు కనపడదు. “మోకాలి మీద చెయ్యి పెట్టండమ్మా, కింద కాదు, పైన” అని అటువైపు నుంచి వినపడుతోంది. ఈలోగా ఆ ఫోనే మోగింది. పత్తి ఏరడానికి రమ్మని పిలుపు. కాల్ తెగిపోయింది. ఆ తల్లి వెళ్లింది. వెళ్లక ఏం చేస్తుంది?

“అమ్మే తొలి గురువు” అని మనం తరచూ అంటాం. ఆ మాట చాటున 2020లో మన పనిని తీసుకెళ్లి ఆమె నెత్తిన పెట్టాం. జీతం ఇవ్వలేదు, శిక్షణ ఇవ్వలేదు, కనీసం ఏ వేళకు కుదురుతుందని అడగలేదు. వర్క్‌షీటు పంపాం, చేయించి ఫోటో పెట్టమన్నాం. ఫోటో రాకపోతే “తల్లిదండ్రుల సహకారం లేదు” అని రాసుకున్నాం. ఆ వాక్యం నేనూ రాశాను. చదవడం రాని తల్లికి రాత పనిని పంపి, సహకారం లేదని రాశాను.

ఆ తర్వాత నేను పద్ధతి మార్చుకున్నాను. డౌన్ సిండ్రోమ్ ఉన్న ఒక పదేళ్ల అమ్మాయికి లెక్కించడం నేర్పాలి. ప్రణాళికలో ‘రంగు దిమ్మెలతో ఒకటి నుంచి పది వరకు’ అని ఉంది. ఇంట్లో రంగు దిమ్మెలెక్కడివి? వాళ్ల అమ్మకు రాత్రి ఎనిమిదింటికి ఫోను చేసి, ఇంట్లో ఏమున్నాయని అడిగాను. చింతగింజలున్నాయని చెప్పింది. రోజూ పొద్దున పాప చేత ఇంట్లోవాళ్లకు ఒక్కొక్కరికి ఒక గింజ చొప్పున వరుసగా పెట్టించి, పళ్లేలు అన్నే తీసుకురమ్మనండి అన్నాను. అంతే. వేరే పాఠం లేదు, వేరే సమయం లేదు. అన్నం పెట్టే వేళే పాఠం. వారానికి ఒకసారి నేను ఫోను చేసేదాన్ని. మూడో వారంలో ఆమె తానే చేసింది: “మేడం, నిన్న మా అక్క వచ్చింది. నేను చెప్పకముందే పాప ఇంకో గింజ పెట్టింది.” ఎంత పొంగిపోయిందో ఆ గొంతు. ఆ అమ్మాయికి లెక్క అంటే ఏమిటో తెలిసిందనడానికి నాకు అంతకు మించిన పరీక్ష అక్కర్లేదు.

వ్యక్తిగత విద్యా ప్రణాళిక అని ప్రతి ప్రత్యేక అవసరాల పిల్లవాడికీ ఒకటి రాస్తాం. అందులో లక్ష్యాలు ఉంటాయి, బోధనోపకరణాలు ఉంటాయి, మూల్యాంకనం ఉంటుంది. దానికి ఇంకొక పేజీ కావాలని నేను గట్టిగా అడుగుతున్నాను. ఈ ఇంట్లో ఏమేమి వస్తువులున్నాయి? ఫోను ఎవరి దగ్గర ఉంటుంది, ఏ వేళకు ఇంటికి వస్తుంది? చదవగలిగినవారు ఎవరు? పక్కింట్లో తోటి పిల్లలెవరు? ఈ పిల్లవాడికి పాఠం చెవి ద్వారా అందుతుందా, కంటి ద్వారానా, చేతి ద్వారానా? బడి తెరిచి ఉన్న రోజుల్లోనే ఆ పేజీ నింపి ఉంచాలి. మూతపడిన రోజున నింపలేం, ఎందుకంటే ఆ రోజు అందరం కంగారులో ఉంటాం. అలాగే బ్రెయిలీ పుస్తకం, టేలర్ ఫ్రేము, వినికిడి యంత్రానికి అదనపు బ్యాటరీలు పిల్లవాడి ఇంట్లో ఉండాలి. పోతాయని, విరిగిపోతాయని బీరువాలో దాచడం మానాలి. విరిగితే కొత్తది తెద్దాం.

పాఠం రికార్డు చేసేవాళ్లను ఒక్కటే కోరతాను. రాస్తున్నది నోటితో చదవండి. ‘ఇది’, ‘ఇక్కడ’ అనే మాటల చోట ఆ అంకెను, ఆ పేరును పెట్టండి. చూపు లేని పిల్లవాడికి అది తప్పనిసరి. అక్షరం దగ్గర తడబడే పిల్లవాడికీ, వంట చేస్తూ చెవి ఒగ్గిన తల్లికీ, కరెంటు హెచ్చుతగ్గులకు తెర మసకబారిన టీవీ ముందు కూర్చున్న మామూలు పిల్లవాడికీ అదే ఉపయోగపడుతుంది.

ఇదంతా దయతో చేసే పని అనుకోవద్దు. ఇందాక చెప్పిన 2016 చట్టం, సహేతుకమైన సర్దుబాటు చేయడానికి నిరాకరించడాన్ని వివక్ష కిందే లెక్కగట్టింది. వరండాకు ర్యాంపు కట్టడం ఎలాంటిదో, ప్రశ్నను గొంతుతో చదివి పంపడం అలాంటిదే. ర్యాంపుకు బిల్లు పెడతాం. ఫోను చేసిన గంటకు, ఇంటికి వెళ్లిన బస్సు చార్జీకి, భవిత కేంద్రాల్లో ఒప్పందం మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్నవారి భద్రతకు ఖర్చు పెట్టమంటే నిధులు గుర్తుకొస్తాయి. మనిషి మీద పెట్టే ఖర్చును ఖర్చుగా చూసినంతకాలం ఈ పిల్లల దగ్గరికి పాఠం చేరదు.

“ఇప్పుడు బడులు తెరిచే ఉన్నాయి కదా, పాత సంగతులెందుకు?” అని ఒక మిత్రురాలు అడిగింది. 2024 నవంబరులో గాలి కాలుష్యం వల్ల ఢిల్లీలో తరగతులు మళ్లీ ఆన్‌లైన్‌కు మారాయి. వరదొచ్చినా, ఎండలు ముదిరినా ఇకపై ఎక్కడో ఒకచోట ఇది తప్పదు. అయితే నేను ఆమెకు చెప్పిన జవాబు వేరు. కొందరు పిల్లలకు బడి ఏనాడూ తెరుచుకోలేదు. తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకోవచ్చని 2012లో విద్యాహక్కు చట్టానికి సవరణ వచ్చింది. మంచి ఉద్దేశంతో వచ్చిన వెసులుబాటే. వాళ్ల పేరు బడి రిజిస్టరులో ఉంటుంది. మేము వారానికోసారి వెళ్లి వస్తాం. మిగతా రోజులన్నీ వాళ్లకు దూరవిద్యే, లేదా ఏమీ ఉండదు. దూరం నుంచి చదువు ఎలా చెప్పాలో దేశమంతా తలమునకలుగా నేర్చుకున్న ఆ ఏడాదిన్నర అనుభవంలో ఒక్క ముక్క కూడా తిరిగి వీళ్ల దగ్గరికి రాలేదు.

మా మండలంలో అలాంటి అమ్మాయి ఒకతె ఉంది. నాలుగో తరగతి. పడుకునే ఉంటుంది. మాట రాదు, అన్నీ అర్థమవుతాయి. గత ఏడాది వాళ్ల తరగతి టీచరును ఒక చిన్న సాయం అడిగాను. రోజూ హాజరు తీసుకునేటప్పుడు ఆ అమ్మాయి ఇంటికి వీడియో కాల్ చేసి, వరుసలో ఆమె పేరు వచ్చినప్పుడు ఆమెను కూడా పిలవమన్నాను. టీచరు సరేనంది. మొదటి రోజు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. అమ్మ ఫోనును మంచం పట్టెకు ఆనించింది. ఒక్కొక్క పేరు, ఒక్కొక్క “ప్రెజెంట్ టీచర్” వినపడుతున్నాయి. ఆమె పేరు పిలిచారు. కుడి చెయ్యి కదలడం మొదలైంది. ఆ చెయ్యి దుప్పటి మీద నుంచి పైకి లేవడానికి సమయం పడుతుంది. పక్క పేరుకు వెళ్లబోతున్న టీచరును పిల్లలే ఆపారు. “టీచర్, ఆగండి, లేపుతోంది” అని ఎవరో అన్నారు. తరగతి మొత్తం నిశ్శబ్దంగా చూస్తూ కూర్చుంది. చెయ్యి లేచింది. టీచరు రిజిస్టరులో గుర్తు పెట్టుకుని తరవాతి పేరు పిలిచింది.